దుమ్ము పడిన కన్ను

వేలం బరి చుట్టూ నిలబడ్డ మగవాళ్లందరూ తమ బూట్ల వైపు చూస్తున్నారు. హెస్టర్ ఆవు లోపలికి వచ్చింది కాబట్టి ఎవరూ తల ఎత్తకూడదు. ఆ లోయలో అది ఎక్కడా రాసిపెట్టని కట్టుబాటు. మొగుడు పోయి సేద్యం చాలించుకున్న ఆడది తన పశువును తానే పాడుకుంటుంటే, ఆమె మీద పాట పెంచేవాడికంటే గొర్రెల దొంగ నయమనేవారు.

హెస్టర్ మరుదులు వాటాల కోసం పట్టుబట్టడంతో కొట్టంలో ఉన్నవన్నీ సంతకు వచ్చాయి. వాటిలో ఆమె ఆశపడింది డామ్సన్ అనే ఈ ఒక్క ఆవు మీదే. చర్చి వెనక చిన్న ఇంట్లోకి మారుతోంది, అక్కడ ఒక్క ఆవుకే చోటుంది. మరుదులు పెట్టిన కనీస ధరకే ఆమె చేతిలో ఉన్నదంతా సరిపోయింది. ఆ ధరే పాడి, చేతులు కట్టుకుని నిలబడింది.

మాబెల్ ఆమెకు సరిగ్గా ఎదురుగా, స్తంభం పక్కన ఉంది. అది ఆమె మొగుడు జాస్ చోటు. గడ్డివాము మీదనుంచి పడి అతని నడుం విరిగినప్పటి నుంచి గురువారం సంతకు ఆమే వస్తోంది. ఆ చోటుతో పాటు అతని సైగ కూడా ఆమెదే అయింది. వేలం వేసే థ్వైట్‌కు ఒక్కో రైతు ఒక్కో గుర్తు. ఒకడు టోపీ ముట్టుకుంటాడు, ఒకడు పైపు నోట్లోంచి తీస్తాడు. జాస్ మాత్రం రెండు కళ్లూ నెమ్మదిగా మూసి తెరిచేవాడు. వంటింట్లో కూర్చోబెట్టి ఆమెకు అది నేర్పింది కూడా అతనే. "రెప్పలు గబగబా కొట్టావంటే ఏదో నలుసు పడిందనుకుంటాడే. నిద్రకు పడ్డట్టు మూయాలి," అన్నాడు.

థ్వైట్ సుత్తి ఎత్తి, ఆనవాయితీ కోసం ఒకసారి చుట్టూ చూశాడు.

డామ్సన్ మాబెల్ ముందు నుంచే నడిచింది. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, నిండు పొదుగు. ఆ పాల వెన్నకే ఏటా తిరునాళ్లలో మొదటి బహుమతి వచ్చేది. రెండో బహుమతి మాబెల్‌ది. ప్రతి ఆదివారం రొట్టె మీద వెన్న రాసుకుంటూ జాస్, "నీది బానే ఉంటుందిలే, కానీ హెస్టర్ వెన్న సంగతే వేరు," అనేవాడు.

మాబెల్ రెప్పలు వాలాయి. నిద్రకు పడ్డట్టు వాలి, మళ్లీ లేచాయి.

థ్వైట్ చెయ్యి గాల్లో ఆగింది. "ఏమ్మా మాబెల్, పాట నీదేనా?" అని మెల్లగా అడిగాడు.

కాదు అనడానికి ఒక్క మాట చాలు. మాబెల్ ఆవు మీంచి చూపు తిప్పలేదు. థ్వైట్ అటు చూస్తే, ఇక పెంచలేనన్నట్టు హెస్టర్ అడ్డంగా తల ఊపింది. సుత్తి పడింది.

మగవాళ్లందరూ ఒక్కసారి తలలెత్తారు. అప్పుడు మాబెల్ చెయ్యి తనంతట తానే కంటి మీదికి పోయింది. "దుమ్ము... గడ్డి దుమ్ము పడింది," అంది.

"అయ్యో, పాపం!" అన్నారెవరో. మొత్తం బరి ఊపిరి పీల్చుకుంది. సుత్తి పడ్డాక సుత్తిదే మాట కాబట్టి ఆవు మాబెల్ కొట్టానికి వచ్చింది.

కానీ పాలు చేపలేదు. మూడు పూటలు కూర్చున్నా బకెట్ అడుగు కూడా నిండలేదు. గేటు వైపు మెడ చాచి ఒకటే అరుపు. వంటింట్లోంచి జాస్, "దాన్ని తోలుకెళ్లి ఇచ్చేసి రావే. చూడకుండా చేసిన తప్పుకి అంత సిగ్గెందుకు?" అన్నాడు. చూడకుండా అన్న మాట ఆమెకు సూదిలా దిగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక హెస్టరే వచ్చింది. చంకలో తన ముక్కాలి పీట ఉంది.

"దానికి నీ చెయ్యి కొత్త తల్లీ. ఎడమవైపు కూర్చో, తల దాని డొక్కకి ఆనించు. ఏదో ఒకటి కూనిరాగం తియ్యి. రాగం లేకపోతే మహారాణి పాలు దించదు," అంటూ తనే కూర్చుంది.

రాగం మొదలవగానే బకెట్లో పాలు జుయ్యిమన్నాయి. మాబెల్ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నీ కన్ను ఎలా ఉంది? చర్చి దగ్గర ఆ ఎలెన్, నువ్వు కావాలనే పాడావని కూసిందిలే," అంది హెస్టర్, తల తిప్పకుండానే. "మాబెల్ అలాంటిది కాదు, దాని కంట్లో దుమ్ము పడటం నేను నా కళ్లతో చూశానని నోరు మూయించాను."

"నువ్వెక్కడ చూశావ్?"

"చూడలేదే. అయినా అన్నాను. ముప్పై ఏళ్లుగా తెలిసినదానివి."

మాబెల్ గుమ్మం వదిలి ముందుకు వచ్చింది. "దుమ్ము కాదు హెస్టర్."

హెస్టర్ వేళ్లు ఆగాయి. పాలధార కూడా ఆగింది.

"నాకు కావాలనిపించింది. నీ వెన్న... నీ పేరు... ఆ థ్వైట్ అడిగాడు కూడా. కాదనలేదు. తోలుకుపో దీన్ని. ఇప్పుడే తోలుకుపో."

హెస్టర్ మళ్లీ ఆవు డొక్కకు తల ఆనించింది. పాలన్నీ పూర్తిగా పితికింది, మధ్యలో వదిలేస్తే పొదుగు చెడుతుంది. లేచి బకెట్ మాబెల్ కాళ్ల దగ్గర పెట్టింది. పలుపు విప్పింది.

"నువ్వు పాడిన ధర నా దగ్గర లేదు. నేను పాడిందే ఇస్తాను," అంది.

"వద్దు..."

"ఇస్తాను. నీ దగ్గర ఊరికే తీసుకోను."

ఈసారి 'తల్లీ' అనలేదు. మాబెల్‌కు ఆ మాట లేని చోటు ఖాళీగా వినిపించింది. గేటు తీయడానికి వెనకే వెళ్లింది.

దారి పక్కన రాతిగోడ సర్దుతున్న ముసలి ఐజాక్ నడుం నిటారు చేశాడు. "ఓహో, మహారాణి ఇంటికి పోతోందా! మంచి పని చేశావే మాబెల్. దుమ్ము చేసిన తప్పును మనిషి దిద్దింది. ఏమంటావ్ హెస్టర్?"

 హెస్టర్ పలుపు పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి మాబెల్ వైపు చూసింది. తిట్టే చూపు కాదు. ఈసారి అబద్ధం తన నోటితో చెప్పనని, నీ మాట నువ్వే చెప్పుకోమని ఎదురుచూసే చూపు.

రేపటికి లోయంతా తెలుస్తుంది. గురువారం ఆ స్తంభం పక్కన నిలబడాలి.

"దుమ్ము కాదు ఐజాక్," అంది మాబెల్. "తెలిసే మూశాను కళ్లు."

ముసలాయన చేతిలో రాయి అలాగే ఉంది. తల వంచి తన బూట్ల వైపు చూశాడు.

హెస్టర్ పలుపు లాగింది. ఆవు కదిలింది.