చేప తుంచే చెయ్యి

"ఆపరేషన్ చేసింది గుండెకి కదే, చేతులకి కాదుగా" అంది అత్తయ్య, ఉల్లిపాయల బుట్ట నా ముందుకి తోస్తూ.

నవ్వుతూనే అంది. ఆవిడ ఏ మాటన్నా నవ్వుతూనే అంటుంది, అదే తంటా. డాకర్ పక్కనున్న మా ఊరు రూఫిస్క్‌లో వీధి వీధంతా ఆవిడని మంచి మనిషంటారు. నేనూ అంటాను. ఉల్లిపాయలు తరుగుతూ మధ్యమధ్య రొమ్ము మీది గుడ్డ అదుముకున్నాను. లోపల ఎముకని తీగతో బిగించారట. పైన కుట్టు చివర మాత్రం ఇంకా రసి కారుతూనే ఉంది.

ముందురోజే డాకర్ వెళ్లి చూపించుకున్నాను. "షుగరు ఇలాగే ఉంటే పుండు మానదు, పెండా. చీము ఎముకదాకా పోతే మళ్లీ తెరవాలి" అంది డాక్టరమ్మ. "అన్నం ఎంత తింటావు?" అంది. అందరితో పాటే అన్నాను. "మరి చేప? కూరగాయలు?" అంది.

ఏం చెప్పను? మేమంతా ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటాం. నూకన్నం మీద, మధ్యలో చేప, క్యాబేజీ, క్యారెట్, వంకాయ. ఎవరి ముందున్నది వాళ్లు తినాలి, మధ్యలోకి చెయ్యి చాచకూడదు. ఇంటి ఇల్లాలే చేప తుంచి తలా ఒక ముక్క వాళ్ల ముందు వెయ్యాలి. కాపురానికొచ్చిన కొత్తలో "నీది పెట్టే చెయ్యే తల్లీ" అని అత్తయ్య మెచ్చుకుంటే పొంగిపోయాను. ఇక చూస్కోండి, ఆయనకి నడుం ముక్క, అత్తయ్యకి ముళ్లు లేని ముక్క, ఆడపడుచు మాగెత్‌కి తలకాయ, పిల్లలకి క్యారెట్లు. నా ముందు మిగిలేది అన్నం. నూనె పట్టిన ఉత్త అన్నం. ఆకలంతా దాంతోనే తీర్చుకున్నాను, ఏళ్ల తరబడి. "పెండా పక్కన కూర్చుంటే ముక్కకి కొదవుండదు" అంటారు చుట్టాలు. నా ముందు ముక్క ఉందా అని ఒక్కరూ చూడలేదు. నేనే చూసుకోలేదు, ఇంకెవర్ననేది!

వేరే ప్లేటు పెట్టుకో, సగం కూరగాయలు, ఒక మంచి చేప ముక్క, గుప్పెడన్నం, అంతే అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పాను.

"వేరే ప్లేటేంటి? ఎవరైనా వస్తే పెళ్లాన్ని వెలేశాననుకోరూ? మాతో కూర్చునే కాస్త తక్కువ తిను" అన్నాడు నా భర్త గోరా.

"వదినకి ఆసుపత్రి మర్యాదలు అలవాటయ్యాయి. ఇంక మనం కంటికి ఆనుతామా?" అంది మాగెత్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వితే కుట్టు లాగింది. ఇంటినిండా మనుషులే, కానీ మళ్లీ కోస్తారేమోనన్న భయం మాత్రం నా ఒక్కదానిదే. ఎవరికి చెప్పుకోను?

మర్నాడు ఆ ఉల్లిపాయలు తరిగి వంటయ్యాక కుండ దించమని మాగెత్‌ని పిలిచాను. వస్తున్నానంది గానీ రాలేదు. అన్నం మాడుతోందని నేనే దించాను. రొమ్ము దగ్గర వెచ్చగా తడి తగిలింది. రవిక తొలగించి చూస్తే గుడ్డంతా పసుపుపచ్చగా ఉంది. ఒళ్లు మండిపోయింది నాకు. ఎవరి మీదో కూడా తెలియలేదు.

పెద్ద పళ్లెంలో వడ్డించకముందే ఒక ప్లేటు తీసుకున్నాను. నడుం ముక్క వేసుకున్నాను. క్యాబేజీ, వంకాయ, గుప్పెడన్నం. మిగిలిందంతా పళ్లెంలోకి వంపి వాళ్ల మధ్య పెట్టి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను.

ఎవరూ ముద్ద ఎత్తలేదు. మధ్యలో చేప ఉన్నది ఉన్నట్టే ఉంది.

"పెండా, చేప తుంచు" అన్నాడు గోరా, మెల్లిగా.

"మీరు తుంచండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్లకీ నాకూ మధ్య మూరెడు దూరం లేదు, అయినా ఊరు దాటి వచ్చేసినట్టుంది. పిల్లలు కూడా నా వైపు చూడలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను.

అత్తయ్య నన్నే చూస్తోంది. "అలా ఒక్కదానివే కూర్చుని తింటుంటే ముద్ద ఎలా దిగుతోందే నీకు?" అంది.

"దిగుతోంది అత్తయ్యా. ఇవాళ చేపతో తింటున్నాను కదా, బాగానే దిగుతోంది."