మూడు చుట్లు

ముడిని రెండోసారి కూడా విప్పేసి, మూడోసారి వేసుకున్నాడు. నడుముకు చుట్టిన తాడును అరచేత్తో లాగి చూశాడు. ముడి వేసింది తనే. అయినా నమ్మకం కుదరలేదు.

"ఆ ముడి నీకేం అపకారం చేసింది బావా?" వంతెన కమ్మీల మీదుగా వంగి మోకు నవ్వాడు. పదకొండేళ్లుగా పైన నిలబడి తాడు పట్టుకునే పని కాబట్టి అతన్ని అందరూ మోకు అనే పిలుస్తారు. ఇద్దరికీ చుట్టరికం లేదు. బావా అన్న పిలుపు మొదటిరోజే మోకు తగిలించాడు. మిగతా పనివాళ్లు మాత్రం ఇతన్ని సుత్తి అంటారు. నోరు విప్పకుండా సుత్తి కొట్టే మనిషి లోకంలో వీడొక్కడేనని మోకు ఎగతాళి.

సుత్తి ఇనుప మెట్లు దిగాడు.

వంతెన పొట్ట కింద, గొలుసులకు వేలాడే బల్ల మీద కూర్చుని కాంక్రీటును తట్టి చూడటం అతని పని. గట్టిగా ఉన్నచోట సుత్తి కంగుమంటుంది. లోపల గుల్లబారితే చప్పుడు మందగిస్తుంది, తలుపు అవతల ఎవరో మాట్లాడుతూ చప్పున ఆపేసినట్టు. అక్కడ సుద్దతో సున్నా చుట్టాలి. పైకి నున్నగా, కొత్త రంగుతో మెరిసేచోటే గుల్ల ఎక్కువని ముప్పై ఏళ్లలో నేర్చుకున్నాడు. సాయంత్రం సుత్తితోపాటు సంచిలో పడేసి మరిచిపోయే తెలివి కాదది. "పెళ్లికి ముందే నన్ను కూడా ఆ సుత్తితో తట్టి చూసుకోవాల్సింది, పీడా పోయేది" అని భార్య ఒకసారి నవ్వుతూ అంది. అతను నవ్వలేదు. ఆ నవ్వు ఎందుకొచ్చిందా అని రెండు రోజులు ఆలోచించాడు.

ఇప్పుడు అతని అనుమానమంతా మోకు మీద.

బల్ల మీంచి జారితే ఆపేది నడుముకున్న తాడొక్కటే. దాని రెండో కొస పైవాడి చేతుల్లోనే ఉండాలి, దేనికీ కట్టకూడదు. కట్టేసిన తాడుకు కిందివాడి కదలిక తెలియదు. కిందనుంచి ఒకసారి లాగితే వదలమని, రెండుసార్లు లాగితే బిగించమని. విన్నానన్నట్టు పైనుంచి చిన్న లాగు ఒకటి బదులు రావాలి. పదకొండేళ్లు ఆ బదులు వచ్చింది. ఎండ మండే మధ్యాహ్నాల్లో మోకు ఏ పనీ లేకుండానే ఒకసారి లాగేవాడు, ఉన్నావా అన్నట్టు. ఇతనూ లాగేవాడు. అతను ఎవరితోనైనా ఊసుపోక మాట్లాడాడంటే అదే.

రెండు నెలలుగా తాడు బదులివ్వడం లేదు.

వదలమంటే వదులు వస్తోంది, కానీ ఆలస్యంగా, కుదుపుతో. పోయిన వారం పైకెక్కినప్పుడు కమ్మీల పక్కనున్న ఇనుప గుంజను గమనించాడు. రంగు మూడు వలయాలుగా అరిగిపోయి ఉంది. వేలితో తడిమితే ఇనుము తగిలింది. అంటే తాడును గుంజకు చుట్టేసి కూర్చుంటున్నాడన్నమాట. ఫోను చూసుకుంటున్నాడో, వంతెన చివరి టీకొట్టుకే పోతున్నాడో! తన ప్రాణాన్ని మేకను కట్టేసినట్టు కట్టేసి.

అడగలేదు. అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం ఏముంది? నాలుగుసార్లు చింపి ఐదోసారి రాసిన ఫిర్యాదు చొక్కా జేబులో ఉంది. మధ్యాహ్నం ఇంజనీరు మేడం వస్తుంది.

చివరిసారిగా పరీక్షిద్దామని అవసరం లేకుండానే తాడు ఒకసారి లాగాడు. బదులు లేదు. పైన లారీ పోయింది, బల్ల వణికింది.

"ఏం కావాలి బావా?" నెత్తిమీంచే వినిపించింది మోకు గొంతు.

"నోటితో ఎందుకు? తాడుతో చెప్పు."

"లాగితే నీ నిద్ర చెడుతుందేమోనని."

గొంతు ఆయాసంగా ఉంది. టీకొట్టు నుంచి పరుగెత్తుకొచ్చి ఉంటాడు అనుకున్నాడు సుత్తి.

పన్నెండింటికి పైకెక్కాడు. తాడు రెండో కొస అప్పటికే నేలమీద పడి ఉంది. మోకు అతని నడుము దగ్గరి ముడిని కాసేపు చూశాడు.

"ముడి బాగా వేస్తావు బావా. అలాగే వేసుకో ఎప్పుడూ. నాకు బయట పనుంది, వెళ్తా."

పదకొండేళ్లలో మోకు ఆ ముడిని మెచ్చుకున్నది లేదు. ఈరోజే ఎందుకు? వెనక్కి తిరగకుండా పోతున్న అతని వీపును సుత్తి మలుపు దాకా చూశాడు. తప్పు చేసినవాడి నడక అనుకున్నాడు.

ఒంటిగంట దాటాక మేడం వచ్చింది. కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది.

"మీరు రాసింది నిజమే. ఆయనే ఇందాక ఆఫీసుకొచ్చి చెప్పాడు."

"ఏమని?"

"చేతుల్లో పట్టు పోయిందని. గ్లాసు కూడా నిలవట్లేదట. అందుకే గుంజకు మూడు చుట్లు చుట్టి, కొస తన నడుముకు బిగించుకునేవాడట. ఏ రోజూ పొద్దున్నుంచి మీరు పైకొచ్చేదాకా ఆ గుంజను వదిలి కదల్లేదన్నాడు."

సుత్తి ఇనుప గుంజవైపు తిరిగాడు.

"ముందే ఎందుకు చెప్పలేదని తిట్టాను. 'ఆ మహానుభావుడికి తెలిస్తే మళ్లీ కిందకు దిగడు మేడం, ఇంకొకడి చేతికి తాడివ్వడు, ఆ పని లేకపోతే బతకడు' అన్నాడు. నయమవుతుందేమోనని రెండు నెలలు చూశాడట. తప్పే కదా, ఏదైనా అయ్యుంటే? ఇవాళ్టితో పని మానేస్తానని రాసిచ్చాడు. మీకు చెప్పలేదా?"

"ఎక్కడున్నాడిప్పుడు?"

"పన్నెండున్నర బస్సుకు అన్నాడు. కూతురి దగ్గరికి." ఆమె కాగితాన్ని మడిచింది. "ఇది నా దగ్గరుంటే ఫైల్లో పెట్టాల్సిందే. ఏం చేయమంటారు?"

అతను చెయ్యి చాచాడు.

కాగితం పట్టుకుని పనిముట్ల గదివైపు నడిచాడు. నడుముకు బిగించుకున్నాడని ఎవరు చూశారు? చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ఆ ఆలోచన ఎప్పటిలాగే పిలవకుండా వచ్చింది. ఈసారి దాన్ని సాగనివ్వడానికి సిగ్గేసింది. తను జారి ఉంటే ఆ తాడు ముందుగా ఎవరి నడుమును కోసేదో అతనికి తెలుసు. ఈ రెండు నెలల్లో తను రోజుకు ఎన్నిసార్లు ఆ తాడు లాగాడో!

మోకు అర ఖాళీగా ఉంది. తువ్వాలు లేదు, క్యారేజీ లేదు. వెనక మూలలో చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీశాడు. చేతుల్లో బలం రావడానికి రోజూ నొక్కమని డాక్టర్లు ఇచ్చే రబ్బరు బంతి. వేళ్లు ఆనే ఐదుచోట్లా రంగు పోయి నున్నగా అరిగింది కానీ, నొక్కిన గుర్తుగా దానిమీద ఒక్క గుంటా పడలేదు.