తూము మూసిన మేస్త్రీ

తాపీ మేస్త్రీకి కోపం ఎక్కువ. ఈ మాట అతని భార్య ఒప్పుకుంటుంది, అతని కింద పనిచేసే కూలీలు ఒప్పుకుంటారు, అతనొక్కడే ఒప్పుకోడు. "నాది కోపం కాదు, పద్ధతి" అంటాడు. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో వాళ్ళకి ఇళ్ళు కట్టి పెట్టిన మనిషి. ఇటుక వెంట్రుకవాసి వంకరపోతే వరస మొత్తం ఊడగొట్టించి మళ్ళీ పేర్పించే రకం. ఎక్కడ పునాదికి ముగ్గు పోసినా ముందుగా అడిగేది ఒకటే. వాన పడితే ఈ స్థలంలో నీళ్ళు ఎటు పోతాయి? అది తేలేదాకా గునపం ఎత్తనివ్వడు. అటువంటివాడు తన పెరట్లో తను ఏం చేశాడో చెప్పుకుంటే నవ్వొస్తుంది. నవ్వడానికి మాత్రం నోరు రాదు.

ఆ వేసవిలో మేస్త్రీ భార్య వాళ్ళక్కకి మోకాలి ఆపరేషన్ అయితే తోడుండడానికి వెళ్ళింది. మూడు వారాల పని. వెళ్ళేముందు నల్లపెట్టని పొదగడానికి కూర్చోబెట్టి మరీ వెళ్ళింది. పెరటి గుమ్మం పక్కన ఎత్తరుగు మీద, మూలకి, పాత గోనె పరిచి ఇసక పోసి, పదకొండు గుడ్లు పెట్టి, పైన గంప బోర్లించి, గంప కదలకుండా ఇటుక పెట్టింది. ఆ పదకొండులో ఆరు మచ్చలపెట్ట గుడ్లు. అవి మిగతావాటికన్నా కాస్త ఎర్రగా, పెద్దగా ఉంటాయి. మచ్చలపెట్ట అంటే ఆమెకి ప్రాణం. వంట చేస్తుంటే వచ్చి గుమ్మంలో కూర్చుని కబుర్లు వింటున్నట్టు మెడ తిప్పేది.

"పొద్దున్నే గంప తీసి, దాన్ని లేపి, నాలుగు నూకలు వేసి, నీళ్ళు పెట్టండి. తిని తనే వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మళ్ళీ గంప మూసి ఇటుక పెట్టండి. ఏం చేసినా సరే, గూడు మాత్రం కదపొద్దు. ఇరవై ఒకటో రోజుకి నేను వచ్చేస్తాను" అంది బస్సెక్కుతూ.

"మేడలు కట్టినవాడికి కోడిపెట్టని చూసుకోవడం నేర్పుతున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"మేడలు మీరు చెప్పినట్టు వింటాయి" అంది ఆమె. బస్సు కదిలింది.

పక్కింట్లో కండక్టరు ఉంటాడు. ఉద్యోగం వదిలి పన్నెండేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. డెబ్బై దాటిన మనిషి, ఒక్కడే ఉంటాడు, తోడుగా కుక్క. దాని పేరు సింహం. పిల్లి ఎదురైతే మంచం కిందకి దూరేది, ఉరిమితే ఆయన కాళ్ళ మధ్య దూరేది. మేస్త్రీ భార్యాభర్తలిద్దరూ ఆయన్ని బాబాయి అంటారు, పాతికేళ్ళ పిలుపు అది. రెండు పెరళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ మూల, అడుగున, ఒక తూము. మేస్త్రీ ఇంటి రేకుల మీది నీళ్ళూ, పెరటి నీళ్ళూ అన్నీ ఆ మూలకి చేరి, ఆ తూములోంచి కండక్టరు పెరటి కాలవలోకి పోతాయి. మా నీళ్ళు మీకెందుకు, మీ నీళ్ళు మాకెందుకు అన్న తగువు ఆ రెండిళ్ళ మధ్య ఏనాడూ రాలేదు.

ఐదో రోజున సింహం ఆ తూముని కాళ్ళతో తవ్వి, వెడల్పు చేసుకుని, ఇటు వచ్చింది. ఆకలితో వచ్చింది కాదు, ఆట కోసం వచ్చింది. మచ్చలపెట్టని నోట కరుచుకుని, నాలుగుసార్లు విదిలించి, అది కదలడం మానేస్తే తీసుకెళ్ళి యజమాని చెప్పుల మీద పెట్టి తోకాడించింది.

కండక్టరు కావాలనుకుంటే గుంట తీసి పూడ్చేసి ఊరుకోవచ్చు. చూసినవాళ్ళు లేరు. కానీ ఆయన కోడిని తువ్వాలులో చుట్టి, రెండు చేతులతో పట్టుకుని, మేస్త్రీ పని నుంచి వచ్చేదాకా వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాడు.

"తప్పు జరిగింది మేస్త్రీ. మా వెధవ పని ఇది. ఊర్నుంచి వచ్చాక అమ్మాయికి నేనే చెబుతాను. రేపే ఇలాంటి పెట్టని వెతికి తెచ్చిస్తాను. కుక్కని ఇవాళ్టినుంచి గొలుసుతో కట్టేస్తాను" అన్నాడు.

ఇంతకన్నా ఏ మనిషైనా ఏం అనగలడు? కానీ మేస్త్రీ ఆ పూట ఎండలో పడి వచ్చాడు, పైగా భార్యకి ఏం చెప్పాలన్న భయం ఒకటి పట్టుకుంది. ఆ భయమంతా కోపమై పైకి తన్నింది. వీధిలో నలుగురూ చూస్తుండగా, పాతికేళ్ళు 'మీరు' అన్న నోటితో 'నువ్వు' అనేశాడు.

"నువ్వు తెచ్చి ఇచ్చేదేంటి? నీ కుక్కని అదుపులో పెట్టుకోవడం చేతకాదు గానీ! ఇదిగో చెబుతున్నా, ఇవాళ్టినుంచి నువ్వు గానీ నీ కుక్క గానీ ఈ గేటు దాటారంటే మర్యాద దక్కదు."

కండక్టరు తువ్వాలుని గేటు పక్క గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. జీవితమంతా రూలు ప్రకారం నడిచిన మనిషి ఆయన. ఎవరైనా మాట అంటే ఆ మాటకి ఎంత అర్థముందో అంతా తీసుకుంటాడు, తగ్గించుకోడు.

ఫోన్లో మేస్త్రీ భార్యతో కోడి పోయిన సంగతి చెప్పాడు, తగువు సంగతి మింగేశాడు. ఆమె కాసేపు ఏడ్చింది. తరవాత ముక్కు చీదుకుని, "పోనీలెండి. దాని గుడ్లు ఆరున్నాయిగా నల్లపెట్ట కింద. అవి పిల్లలైతే అదే తిరిగొచ్చిందనుకుంటాను. వాటినైనా కాపాడండి" అంది.

అప్పట్నుంచి మేస్త్రీకి అదే పట్టుకుంది. ఎలాగైనా ఆ గుడ్లు పిల్లలు కావాలి. వచ్చేసరికి ఆమె చేతిలో పెట్టాలి.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. తూమున్న పెరటి మూల రెండు గోడలు ఎలాగూ ఉన్నాయి, ఇంకో రెండు లేపితే కోళ్ళగది అయిపోతుంది. అడుగు లోతు కాంక్రీటు పోశాడు, కుక్క తవ్వలేకుండా. దాని మీద మోకాలెత్తు ఇటుక గోడ, దాని పైన ఇనప జాలీ, నెత్తి మీద కూడా జాలీ. ఇనప తలుపు పెట్టి, కింద సందు లేకుండా మోకాలెత్తు సిమెంటు గడప కట్టాడు. పాత తూముని ఇటుక ముక్కలతో పూడ్చి, పిడికిలి పట్టేంత రంధ్రం మాత్రం వదిలాడు. నీళ్ళకి దారి ఉండాలిగా. ఆ మాట అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రానికి అంతా అయ్యాక, మిగిలిన రెండు కోళ్ళనీ లోపలికి తోలాడు. నల్లపెట్ట మాత్రం అరుగు మీద బయట ఉంది. కట్టినది ఎవరి కోసం? గుడ్ల కోసమే కదా. 'గూడు కదపొద్దు' అన్న మాట గుర్తుంది. అయినా గోనెని నాలుగు కొసలా పట్టుకుని, గుడ్డు గుడ్డుకీ తగలకుండా, పెట్టతో సహా తెచ్చి లోపల నేల మీద దించాడు. గంప కప్పాడు, ఇటుక పెట్టాడు. పెట్ట ఒక్కసారి గొణిగి సర్దుకుంది. మేస్త్రీ గర్వంగా తలుపు గొళ్ళెం వేశాడు.

అంతలోనే రంధ్రంలోంచి బుస్సుమని ఊపిరి వినిపించింది. సింహం! గొలుసు పొడుగంతా లాక్కుని వచ్చి అటువైపునుంచి మూతి పెట్టింది. లోపల కోళ్ళు రెండూ జాలీకి కొట్టుకున్నాయి, గంప కింద పెట్ట రెక్కలు టపటపలాడించింది. మేస్త్రీ ఒళ్ళు మండిపోయింది. తట్టలో మిగిలిన సిమెంటు ఉంది. ఇసక తక్కువ, సిమెంటు ఎక్కువ కలిపి, రాతి ముక్కలు కూరి, ఆ రంధ్రాన్ని మూరెడు లోతున బిగించి, పైన తాపీతో నున్నగా రుద్దాడు. నిండు వేసవి. మబ్బు ఆనవాలు కూడా లేదు. వానలొచ్చే లోపల పైపు వేసి దానికి జాలీ బిగిద్దాంలే అనుకున్నాడు. వేరే ఎవరైనా అలా అనుకుని ఉంటే చెడామడా తిట్టేవాడు.

రోజులు బాగానే గడిచాయి. పొద్దున్నే పెట్టని లేపడం, నూకలు వేయడం, మళ్ళీ గంప మూయడం. గోడ అవతల కండక్టరు దగ్గు వినిపించేది. మేస్త్రీ కూడా ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, 'బాబాయి' అందామని. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆవిడ వచ్చాక ఆవిడే సర్దుతుందిలే అనుకుని ఊరుకున్నాడు.

పంతొమ్మిదో రోజున ఊరి అవతల ఒక ఇంటికి స్లాబు వేస్తున్నారు. స్లాబు మొదలైతే మధ్యలో ఆపకూడదు. మధ్యాహ్నం రెండింటికి పడమట మబ్బు లేచింది. మేస్త్రీ కేకల మీద కేకలు వేస్తూ ప్లాస్టిక్ పట్టాలు తెప్పించాడు. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. కండక్టరు.

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు గుర్తొచ్చానా?" అనుకుని కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. వాన దబదబా పడింది. పట్టాలు కప్పుతుంటే మూడోసారి మోగింది. నాలుగోసారి మోగకుండా నొక్కి జేబులో పడేశాడు. పచ్చి స్లాబు మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. గంటన్నర కురిసి వాన వెలిసింది. ఇంటి యజమాని, "మీరుండబట్టి బతికిపోయాం మేస్త్రీ" అన్నాడు. మేస్త్రీ నవ్వుతూ ఫోను తీశాడు, టైము చూద్దామని. కండక్టరు నంబరు నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయి.

అప్పుడు తట్టింది. బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు.

పెరట్లోకి పరిగెత్తాడు. మూలనున్న కోళ్ళగది తొట్టిలా నిండి ఉంది. రేకుల మీది నీళ్ళన్నీ నెత్తి మీది జాలీలోంచి అందులోకే దిగాయి. ఒక చుక్క బయటికి పోయే సందు లేదు, అంత బాగా కట్టాడు. గంప దాదాపు మునిగిపోయింది. దాని పైన, ఇటుక మీద ఒకటీ, పక్కన ఒకటీ, మిగిలిన రెండు కోళ్ళూ తడిసి ముడుచుకుని నిలబడి ఉన్నాయి.

గొళ్ళెం లాగి లోపల దూకాడు. కోళ్ళని తోసి, ఇటుక విసిరేసి, గంప ఎత్తాడు. నల్లపెట్ట నీళ్ళలో పైకి తేలింది. ఎత్తి గుండెకి అదుముకున్నాడు. చల్లగా ఉంది. కాళ్ళ దగ్గర గుడ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి.

గోడ మీదనుంచి కండక్టరు తల కనిపించింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. చేతిలో పొడుగాటి వెదురు గడ, కొసకి కొక్కెం కట్టి ఉంది.

"జాలీలోంచి గంప అందలేదు నాయనా" అన్నాడు. "ఇటు వాన ముందే అందుకుంది. కుక్క గొలుసు తెంపుకునేలా అరుస్తుంటే చూశాను, అప్పటికి చీలమండ లోతు ఉంది. నీకు ఫోను చేశాను. తూముని మా వైపునుంచి గునపంతో పొడిచాను. నువ్వు వేసిన సిమెంటు కదా, ఎక్కడ ఊడుతుంది."

మేస్త్రీ పెట్టతోనే బయటికొచ్చి, గోడ మీదికి వంగి అటు చూశాడు. తూము దగ్గర గునపం దెబ్బలు, గీతలు, నాలుగు పెచ్చులు. కండక్టరు అరచేతులకి గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"తలుపుకి తాళం కూడా లేదు బాబాయి..." అన్నాడు మేస్త్రీ. "ఉత్త గొళ్ళెమే."

"నువ్వు గేటు దాటొద్దన్నావుగా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే మేస్త్రీకి తేలికయ్యేది. ముసలాయన కళ్ళు తుడుచుకుని, "దాటి ఉండాల్సింది. గేటు దాకా వచ్చాను కూడా. రెండుసార్లు వచ్చి వెనక్కి వెళ్ళాను. ఇంత వయసొచ్చి ఆ మాత్రం తోచలేదు నాకు" అన్నాడు.

మేస్త్రీ సుత్తీ ఉలీ తెచ్చి, నడుం వంచి నీళ్ళలో చేతులు పెట్టి, తను మూసిన తూముని తనే కొట్టడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. పెళ్ళ ఊడగానే నీళ్ళు గుడగుడమని కండక్టరు పెరట్లోకి పోయాయి. అడుగున బురదలో పదకొండు గుడ్లు బయటపడ్డాయి. ఒక ఎర్రగుడ్డు మీద, లావు కొసన, సన్నని పగులు ఉంది. రెండ్రోజులు ముందే లోపలినుంచి పొడవడం మొదలుపెట్టింది పిల్ల. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఏ చప్పుడూ లేదు.

ఫోను మోగింది. భార్య. రోజూ ఆ వేళకి చేస్తుంది.

"ఏం చేస్తోంది మా నల్లపెట్ట? తిందా?"

పెట్టా గుడ్లూ పోయాయని మేస్త్రీ చెప్పాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"కుక్కేనా? మళ్ళీ వచ్చిందా?"

ఔననడానికి ఒక్క మాట చాలు. గోడ అవతల కండక్టరు వింటున్నాడు. ఔనన్నా ఆ ముసలాయన కాదనడని మేస్త్రీకి తెలుసు.

"కుక్క కాదు. వాన నీళ్ళు. నేనే గూడు దించాను, నేనే తూము మూశాను."

ఆమె ఏడుపు వినిపించింది. కాసేపటికి, ఏడుపులోనే, అర్థంకానట్టు అడిగింది. "మరి బాబాయి ఇంట్లోనే ఉంటారుగా? ఆయన చూడలేదా? చూస్తే వచ్చి గంప ఎత్తేవారు కదండీ!"

మేస్త్రీ గుడ్డుని జాగ్రత్తగా గోడ మీద పెట్టాడు.

"చూశారు" అన్నాడు. "గేటు దాకా వచ్చారు. నేనే రావద్దన్నాను."