తోడేలు మీద నింద

బడి కథల పుస్తకాన్ని మెర్సీయే ఎత్తుకుపోయింది. అటెండరు కురుమయ్య దృష్టిలో అది తేలిపోయిన సంగతి. నిన్న ప్రార్థన దగ్గర అందరి ముందూ ఆ పిల్ల సంచి బోర్లించాడు. పుస్తకం దొరకలేదు. "మీ వాడోళ్ల బుద్ధి యాడికి పోతది?" అన్నాడు.

ఈ రోజూ ఎప్పటిలాగే బడి గదులు ఊడ్చాడు. ఫిల్టరు నీళ్ల డబ్బా మోసుకొచ్చి వరండాలో స్టూలు మీద పెట్టాడు. ఆ నీళ్లు రాకముందు తాగిన ఫ్లోరైడు బోరునీళ్లే అతని మోకాళ్లను వంకర చేశాయి.

భార్య సుక్కమ్మ పోయి ఎనిమిదేళ్లు. అప్పటినుంచి మెర్సీతో తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు కలపలేదు. ఏడో తరగతి పిల్ల. అన్నం తిన్నాక మెట్ల మీద కూర్చుని అతనికి ఆ పుస్తకం చదివి వినిపించేది. ఒక ఊళ్లో మనుషుల నీడలు మాయమవుతుంటాయి. ఒక పిల్లా, ఒక తోడేలూ జతకట్టి దొంగను వెతుకుతుంటాయి.

"తోడేలే దొంగ. మా నాయిన మందల పదకొండు గొర్లను తిన్నది, నాకెర్క లేదా?" అనేవాడు.

"నీకు గొర్లే ఎర్క తాతా. పందెం! నేనోడితే నా గుడ్డు నీకే."

ఒక్క అధ్యాయం మిగిలుండగా పుస్తకం పోయింది.

పదకొండింటికి మెర్సీ తండ్రి ఇస్రాయేలు హెడ్ మేడం గదికి వచ్చాడు. "దొంగ అనిపిచ్చుకొని నా బిడ్డ ఈడ సదవదు మేడం. టీసీ ఇయ్యుండ్రి. హుజూర్‌నగర్ల మా అక్క దగ్గరుంటది," అనడం వరండాలోకి వినిపించింది.

కురుమయ్య ఖాళీ డబ్బా దించుతుంటే స్టూలు జరిగింది. కింద పాత రిజిస్టరు. స్టూలు ఊగుతోందని మొన్న సాయంత్రం తనే దాని కాలి కింద తోశాడు. తడిసిన పేపరు అట్ట ఊడింది. అది రిజిస్టరు కాదు. లోపల తోడేలు బొమ్మ.

ఆ అట్ట మొన్ననే మెర్సీ వేసినట్టుంది. పుస్తకం పాడవకూడదని.

మేడం గది పది అడుగులు. తలుపు తెరిచే ఉంది. టీసీ మీద సంతకం ఇంకా కాలేదు. రెండడుగులు వేశాడు. నిన్న సంచిలోంచి రాలిన సగం పెన్సిలు ఏరుకుంటూ తల ఎత్తని పిల్ల కళ్ల ముందు నిలిచింది. వెనక్కి వచ్చి, పుస్తకాన్ని మళ్లీ స్టూలు కాలి కిందే తోసి, నిండు డబ్బా పైన పెట్టాడు.

గేటు దగ్గర మెర్సీ ఆగింది. "తాతా, దొరికితే ఆఖరుది సదువు. తోడేలు కాదు, సూడు."

ఇస్రాయేలు ఆమె చెయ్యి పట్టి లాగాడు. మర్రిగూడ బస్సు వచ్చింది, ఇద్దరినీ ఎక్కించుకుని వెళ్లింది.

మధ్యాహ్నం ఒక గుడ్డు మిగిలింది. వంట చేసే బిక్షమ్మ దాన్ని అతని పళ్లెంలో వేసింది. "నిజంగ గా పిల్లనే తీసిందంటవా, అన్నా?"

అతను గుడ్డు తీసి పక్కన పెట్టాడు. "గా ముచ్చట ఇంకెప్పుడూ నా దగ్గర తియ్యకు."

తనూ ఎన్నడూ తియ్యలేదు. డబ్బా కుళాయి కారుతూనే ఉంది. స్టూలు ఇప్పుడు ఊగడం లేదు. దాని కాలి కింద, చదవని ఆఖరి పేజీలు చుక్క చుక్కగా నాని ఉబ్బుతున్నాయి.