మేనేజరు బరువు

ఆ చేపకి ‘మేనేజరు’ అని పేరు పెట్టిందెవరో గాని, వాళ్ళు ఏదో ఒక ఆఫీసులో చాలా ఏళ్ళు మాటలు పడి ఉండాలి. గుండ్రటి తల, ఉబ్బిన బుగ్గలు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళు, ఏ పనీ లేకపోయినా అద్దం దాకా వచ్చి ఎదుటి మనిషిని ఎగాదిగా చూసే చూపు. భయమేసినప్పుడు నీళ్ళు మింగి బంతిలా ఉబ్బే జాతి అది. ఈ మేనేజరు మాత్రం ఈమధ్య ఏ భయమూ లేకుండానే ఉబ్బుతున్నాడు.

నాలుగు నెలల్లో రెండు వందల గ్రాములు పెరిగాడు. ఆ రెండు వందల గ్రాములూ వచ్చి తిన్నగా కాంపౌండరమ్మ నెత్తిన కూర్చున్నాయి.

కాంపౌండరమ్మ పెద్దాసుపత్రి మందుల గదిలో ముప్పై రెండేళ్ళు మందులు తూచి, కొలిచి, కిటికీలోంచి అందించి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుని మొదటి వారం అలమరలన్నీ సర్దింది, రెండో వారం సర్దినవే మళ్ళీ సర్దింది, మూడో వారం ఊళ్ళోని అక్వేరియంకి వెళ్ళింది. జీతం అక్కర్లేకుండా సాయం చేసేవాళ్ళు కావాలని గేటు దగ్గర బోర్డు ఉంది. “తూచే పని ఏదైనా ఉంటే ఇవ్వండి, మిగతావి నాకు చేతకావు” అని అడిగింది.

ఆ పని ఉంది. తొట్ల వెనకాల చేపల వంటగది ఉంది. రోజూ పొద్దున్నే ఐసు కరిగిన రొయ్యలూ, చిన్నచేపలూ, ఆల్చిప్పలూ ముక్కలు కోసి, ఏ తొట్టికి ఎన్ని గ్రాములో అన్ని గ్రాములూ గిన్నెల్లో పెట్టి, గోడ మీద పలకలో రాయాలి. మేనేజరుకి రోజుకి ముప్పై గ్రాములు. గురువారం ఉపవాసం. ముప్పై అంటే ముప్పయ్యే. ముప్పై ఒకటైతే ఆ ఒక్క గ్రామునీ రొయ్య తోకలోంచి కత్తిరించి తీసేసేది. ఆ వంటగదిలో నిలబడినంతసేపూ ఆవిడకి తన కాళ్ళ కింద నేల ఉన్నట్టుండేది. ఇంటి దగ్గర ఆ ధైర్యం ఎందుకో ఉండేది కాదు.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా, ఆవిడ చేరిన నెలకి మొగుడు కూడా వచ్చి చేరాడు.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. “ఇంట్లో ఒక్కణ్ణే గోడల్తో మాట్లాడుతున్నానే, నేనూ వస్తాను” అన్నాడు. “అక్కడికొచ్చి చేపల్తో మాట్లాడతారా?” అని ఆవిడ ఎంత గీపెట్టినా వినలేదు. పళ్ళెంలా బల్లపరుపుగా ఉండి, పొడుగాటి తోకుండే తిరండి చేపల్ని పిల్లలు చెయ్యిపెట్టి ముట్టుకునే కొలను దగ్గర ఆయన్ని వేశారు. రెండు వేళ్ళతో మెల్లగా తాకాలి, పైకెత్తకూడదు అని చెప్పడం ఆయన పని. ఆయన మాత్రం “ముందుకి జరగాలి, లోపల చాలా ఖాళీ ఉంది, ముందుకి జరగాలి!” అని కేకలేస్తాడు. పక్క తొట్టిలో పద్దెనిమిదేళ్ళ తాబేలుంటే దానికి నూట పదహారేళ్ళని అందరికీ చెబుతాడు. ఒకసారి ఒక స్కూలు పంతులమ్మ అది పుస్తకంలో రాసుకుని పోయింది. కాంపౌండరమ్మ ఆవిడ వెనకాల గేటు దాకా పరిగెత్తి దిద్దించాల్సి వచ్చింది.

ఇది చాలదన్నట్టు ఆయనకి షుగరు. ఇంట్లో ఆయన కంచం కూడా కాంపౌండరమ్మ తూకం మీదే నడుస్తుంది. అన్నం ఇన్ని గ్రాములు, కూర ఇన్ని గ్రాములు, తీపి సున్నా. ఇంత చేసినా నాలుగు నెలలుగా రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ అంకె పైకే పోతోంది. ఇంట్లో ఆయన షుగరు, ఇక్కడ మేనేజరు బరువు. రెండూ తన చేతి తూకంలోనే ఉన్నాయి, రెండూ తన మాట వినడం లేదు. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

మంగళవారం చేపల డాక్టరమ్మ వంటగదిలోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటని పిల్ల. కాంపౌండరమ్మని “ఆంటీ” అంటుంది. ఆ పిలుపుకే ఆవిడకి సగం ఒళ్ళు మండుతుంది.

“ఆంటీ, మేనేజరు కాలేయానికి కొవ్వు పట్టింది. ఇలాగే ఉంటే ఏడాది కూడా బతకడు.”

“నేను పెట్టేది ముప్పై గ్రాములేనమ్మా.”

“పలక మీద అలాగే ఉంది ఆంటీ. కానీ చేప గాలి తిని బరువెక్కదు కదా. మీరు కావాలని చేశారని అనట్లేదు. వయసులో చూపు కాస్త...”

“నా చూపుకేం?”

“శనివారం అందరం కూర్చుంటాం కదా. అప్పటికి సంగతి తేలకపోతే తూకం ఇంకొకరికి ఇస్తాను. మీరు గేటు దగ్గర మ్యాపులు ఇద్దురుగాని. అదీ ముఖ్యమైన పనే.”

మ్యాపులు! ముప్పై రెండేళ్ళలో ఒక్క రోగికి ఒక్క చుక్క మందు ఎక్కువ పోయని చేతికి, వచ్చేపోయేవాళ్ళకి కాగితాలు పంచే పని! ఆవిడ గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేస్తుందని భయం.

మర్నాడు ఇంటి నుంచి తన సొంత తూకపు రాళ్ళ పెట్టె తెచ్చి వంటగది కాటాని పరీక్షించింది. కాటా నిక్కచ్చిగా ఉంది. చూపు పరీక్షించుకోవడానికి సీసాల మీది సన్నక్షరాలన్నీ చదివింది. చూపూ నిక్కచ్చిగానే ఉంది. ఇక మిగిలిందేమిటా అని స్టూలు మీద కూలబడి ఆలోచిస్తుంటే, గుమ్మం పక్కనున్న మిగులు బకెట్టు కనబడింది.

తిరండి కొలను దగ్గర పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి జనం చూస్తుండగా చేపలకి మేత వేస్తారు. అవి తినగా మిగిలిన రొయ్యలు ఆ బకెట్టులోకి వస్తాయి. సాయంత్రం పారబోస్తారు. బయటికి వెళ్ళేది ప్రతి గ్రామూ తూచే కాంపౌండరమ్మ, వెనక్కి వచ్చేది ఏనాడూ తూచలేదు. మందుల గది కిటికీ దాటిన మందు తిరిగి లోపలికి రావడం అనేది ఆవిడ ఉద్యోగంలో లేనే లేదు. ఆ ఊహే ఆవిడకి ఎన్నడూ తట్టలేదు. తన బుద్ధికి తనే రెండు తగిలించుకోవాలనిపించింది.

ఆ రోజు పొద్దుటి మేత అయ్యాక బకెట్టు తూచింది. నూట ఎనభై గ్రాములు. సాయంత్రం పారబోసే ముందు మళ్ళీ తూచింది. మధ్యాహ్నం మిగులు కూడా వచ్చి కలవాలి, పెరగాలి. నూట అరవయ్యే ఉంది.

“బకెట్టుకి కాళ్ళేం రాలేదు కదా” అనుకుంది పళ్ళు నూరుతూ.

గురువారం మేనేజరు ఉపవాసం. ఆరోజు ఆ తొట్టి దగ్గర ఎవరికీ పని ఉండదు. తొట్ల వెనక ఒక మనిషి పట్టేంత సందు ఉంటుంది. అందులో గొట్టాలూ మోటార్లూ హోరుమంటుంటాయి. కాంపౌండరమ్మ ఒక గుడ్డ పట్టుకుని గొట్టాలు తుడుస్తున్నట్టు నటిస్తూ అక్కడ నక్కి కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయి. చీర కుచ్చిళ్ళు ఉప్పునీళ్ళలో తడిశాయి. ఈ వయసులో నాకిదేం ఖర్మ అని చేపనీ, డాక్టరమ్మనీ, ఆంటీ అనే మాట కనిపెట్టినవాళ్ళనీ వరసపెట్టి తిట్టుకుంది.

పన్నెండున్నరకి మెట్ల స్టూలు కిర్రుమంది. తొట్టి పైమూత మెల్లగా జరిగింది. ఒక రొయ్యని తోక పట్టుకుని ఒక చెయ్యి నీళ్ళ మీదికి వచ్చింది. మేనేజరు అంత లావు ఒళ్ళేసుకుని బాణంలా పైకి లేచాడు.

“తిను నాయనా, తిను. ఆవిడ రాకముందే తినెయ్” అంది గొంతు. “నాకు తెలుసురా నీ బాధ. నీకూ నాకూ వడ్డించేది ఒకటే చెయ్యి.”

కాంపౌండరమ్మ చేతిలో గుడ్డని గట్టిగా పిండేసింది. స్టూలు మళ్ళీ కిర్రుమంది. అడుగుల చప్పుడు వెళ్ళిపోయింది. ఆవిడ గొట్టం పట్టుకుని లేచి నిలబడింది. నలభై ఏళ్ళుగా ఆ గొంతు విని విని విసిగిపోయింది గాని, ఆ గొంతు అంత ముద్దుగా తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కోపమే పెద్దదిగా ఉంది కాబట్టి ముందు కోపమే పైకి వచ్చింది.

ఆ రోజూ మర్నాడూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన బస్సులో దారిపొడుగునా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ పలకడం లేదన్న సంగతి గమనించినట్టే లేడు.

శనివారం పొద్దున తలుపులు తెరవక ముందే అందరూ వంటగదిలో చేరారు. కొలను దగ్గర కండక్టరు గారితో పాటు సాయం చేసే డ్రాయింగు మాస్టారు, టిక్కెట్ల అమ్మాయి, గేటు గార్డు, నీళ్ళలో దిగి అద్దాలు కడిగే ఈతగాడు, ఊడ్చే ఆవిడ, కండక్టరు గారు. డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

“మేనేజరు విషయం తేలలేదు. అందుకని సోమవారం నుంచి తూకం...”

కాంపౌండరమ్మ మొగుడి వంక చూసింది. ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. ఒక్క మాట. ‘నేనే పెట్టాను’ అని ఒక్క మాట అంటే పోయేదానికి పెళ్ళాం మెడ మీద కత్తి వేలాడుతుంటే ఫ్యాను చూస్తున్నాడు. చెబితే ఆయన్ని రేపటి నుంచి రావొద్దంటారు. చెప్పకపోతే తనకి మ్యాపులు. ఆవిడ లేచి నిలబడింది.

“దొంగ దొరికాడమ్మా. మా ఇంటి దొంగే. మా ఆయన గురువారం తొట్టిలో రొయ్య వేస్తుంటే నా కళ్ళతో చూశాను. మిగులు బకెట్టు నేను తూచకపోవడం నా తప్పు. నా తూకంలో మాత్రం తప్పు లేదు.”

కండక్టరు గారు ఫ్యాను మీంచి చూపు దింపాడు.

“నిజమే డాక్టరమ్మా. రోజుకొక్కటి. ఒకే ఒక్కటి. అద్దం దగ్గరికొచ్చి అలా చూస్తుంటే మనసాగలేదు. ఒక్క రొయ్యకే అంత ఒళ్ళొస్తుందని ఎవరనుకున్నారు?”

డ్రాయింగు మాస్టారు చిన్నగా దగ్గాడు. “ఒక్కటి కాదు. నేనూ రోజూ ఒకటి వేస్తున్నాను.”

“నేనూ” అంది టిక్కెట్ల అమ్మాయి, నేల చూస్తూ. “లోపలికి వస్తూ. ఒక్కటే.”

గార్డు చెయ్యెత్తాడు. ఈతగాడు ఎత్తాడు. ఊడ్చే ఆవిడ చీపురుతో సహా ఎత్తింది. ప్రతివాళ్ళూ తను ఒక్కళ్ళే వేస్తున్నాననుకున్నారు. కాంపౌండరమ్మ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఆవిడ చూపు ఇంకా చెయ్యెత్తని ఒకే ఒక్క మనిషి దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

“బరువు చూసేటప్పుడు... కదలకుండా ఉన్నందుకు... వారానికి ఒక్కసారి ఆంటీ.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు కాంపౌండరమ్మకి. ఒక్కో రొయ్య ఆరేడు గ్రాములు. తను పెట్టేది ముప్పై. వీళ్ళందరూ కలిసి పెట్టేది దాదాపు నలభై.

“ఇన్ని చేతులు పెట్టుకుని, నా కళ్ళకి చత్వారం అన్నారే!” అని అరిచింది. నాలుగు నెలల ఉక్రోషం ఆ ఒక్క మాటలో బయటికి వచ్చింది.

తూకం ఆవిడకే ఉండిపోయింది. మిగులు బకెట్టు కూడా ఆవిడ చేతికే వచ్చింది, మూతా తాళంతో సహా. ఎవర్నీ రావొద్దనలేదు. అందరినీ పంపేస్తే అక్వేరియంలో చేపలూ, కాంపౌండరమ్మా మిగులుతారు.

సాయంత్రం ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. గెలిచిన సంతోషం ఆవిడకి ఎంతసేపు వెతికినా దొరకలేదు. మేనేజరు తొట్టి ముందు ఎవరు నడిచినా వాళ్ళ వెంటే అద్దం వారగా ఈదుకుంటూ వస్తాడు. తను నడిస్తే మాత్రం ఉన్నచోటే ఉంటాడు. అది గౌరవమని ఇన్నాళ్ళూ అనుకుంది.

“ఏమండీ.”

“హమ్మయ్య, మాట్లాడావు.”

“మీ షుగరు ఎందుకు పెరుగుతోంది?”

కండక్టరు గారు బస్సు వచ్చే వైపు చూశాడు. బస్సు లేదు.

“మీకెవరు పెడుతున్నారు?”

అంత మాటకారీ జేబులో చిల్లర వెతుక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. “డ్రాయింగు మాస్టారు బిస్కెట్లు తెచ్చుకుంటాడు. టిక్కెట్ల అమ్మాయి వాళ్ళమ్మ కేకులు చేస్తుంది. గార్డు టీలో చక్కెర...”

“అంటే వీళ్ళే. ఆ చేతులే.”

“ఊఁ.”

“సిగ్గు లేకుండా అడుగుతారా వాళ్ళని?”

“అడగను. ఊరికే ఎదురుగా వెళ్ళి నిలబడతాను.”

ఆవిడకి ఆ బొమ్మ కళ్ళకి కట్టింది. బిస్కెట్టు పొట్లం ముందు తన మొగుడు, ఆ బుగ్గలు, ఆ చూపు. ఒళ్ళు మండింది. దాని వెనకే పాత భయమూ లేచింది. షుగరు ముదిరి కాలు తీసేయించుకున్నవాళ్ళు మందుల గది కిటికీ దగ్గరికి కర్రల మీద వచ్చేవాళ్ళు. ఎంతమందిని చూసిందో ఆవిడకే తెలుసు. ఈయన అలా వస్తాడేమోనని, అసలు రాకుండానే పోతాడేమోనని, కంచంలో మెతుకు మెతుకూ తూచేటప్పుడల్లా చేతులు చల్లబడేవి. ఆ భయం గురించి ఆయనకి ఒక్కసారీ చెప్పలేదు. గ్రాములే చెప్పింది.

“ఊరందరి ముందూ నిలబడ్డారు. ఇంట్లో నా ముందు ఒక్కసారైనా నిలబడ్డారా?”

“నీ ముందు నిలబడి ఏం లాభమే? అడిగితే ఇస్తావా?”

మలుపులో బస్సు కనబడింది. జనం ముందుకి జరిగారు. ఆయన అలవాటుగా పక్కకి తప్పుకుని ఆవిడకి దారిచ్చాడు. ఆవిడ ఎక్కలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇవ్వను” అంది. “అయినా సరే, నన్నే అడగండి.”