జాకీ తీయకముందు

"క్లచ్ మార్చమంటే కారుకి చలిజ్వరం తెప్పించావేంట్రా బామ్మర్దీ?" అన్నాడు బావ, షెడ్డు ముందు కారు ఆపుతూనే.

మెకానిక్‌కి ఒళ్లు మండింది. కానీ ముందు సీట్లో అక్క ఉంది. నడుముకి ఆపరేషనై రెండు నెలలన్నా కాలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లి కాలికి వ్యాయామం చేయించాలి. మానేస్తే ఆ కాలు ఇక లేవదని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు.

"నేను వెళ్లను," అంది అక్క. "సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కారు వణికి నడుంలో సూదులు దింపుతున్నట్టుంది. ఇంట్లోనే చేసుకుంటా."

"ఇంట్లో ఏం చేస్తావు, టీవీ చూస్తావు," అన్నాడు బావ. "పదకొండింటికి రమ్మన్నారు. త్వరగా తేల్చరా."

అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మెకానిక్ బానెట్ ఎత్తాడు. క్లచ్ తొక్కినా అదే వణుకు, వదిలినా అదే. యాక్సిలరేటర్ నొక్కి రేజ్ చేస్తే మాత్రం పోతోంది. తప్పు క్లచ్‌లో ఉంటే రేజ్ చేసేకొద్దీ పెరగాలి కదా! ఇంజన్ని పట్టి ఉంచే రబ్బరు మౌంటింగుల మీద లైటు వేశాడు. రబ్బరు మంచిదే, కానీ పిండిన తువ్వాలులా ఒక పక్కకి మెలి తిరిగి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మౌంటింగుల బోల్టుల్ని ముందు వదులుగా ఉంచాలి. ఇంజన్ కింద ఆనించిన జాకీ తీసేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, అదే కదిలి కదిలి తన చోట కుదురుకున్నాక బిగించాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ తిట్టి మరీ చెప్పే మాట అది. మొన్న క్లచ్ మార్చినప్పుడు, అక్కకి ఒక్కరోజు కూడా తప్పకూడదన్న ఆత్రంలో, కింద జాకీ ఉండగానే బిగించేశాడు.

"రబ్బర్లు పోయాయా?" అడిగాడు బావ.

అవునంటే సరిపోయేది. ముప్పై ఏళ్లుగా అతని షెడ్డులో తప్పెప్పుడూ బండిదే, లేదా దాన్ని నడిపేవాడిదే.

"బాగానే ఉన్నాయి. జాకీ తీయకుండా బిగించా. నాదే తప్పు."

"ఏంటీ? ఇంకోసారి అను!"

"మీరూరుకోండి," అంది అక్క. "వాడు ఒప్పుకోవడం ఇదే మొదలు. బెదరగొట్టకండి."

బోల్టులు వదులు చేసి ఇంజన్ స్టార్ట్ చేశాడు. అది అటూ ఇటూ ఊగి, పక్క సర్దుకున్న మనిషిలా కుదురుకుంది. బిగించాడు.

"నేను నడుపుతా. బావా, నువ్వు వెనక కూర్చో."

అక్క తలుపు పట్టుకుని కాసేపు నిలబడిపోయింది. తర్వాత మెల్లగా ఎక్కింది.

మొదటి సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మెకానిక్ రోడ్డు వైపు కాకుండా ఆమె ముఖం వైపు చూశాడు.

"కొంచెం ఉంది," అంది అక్క.

వణుకు అస్సలు లేదని వాదించబోయి నోరు మూసుకున్నాడు. "ఎంత?"

"ఓర్చుకునేంత. పోనీయ్, పదకొండవుతోంది."