వీడియో కాల్ కోసం పెట్టుకున్న బొట్టు

మా మనవరాలు రమ్యశ్రీకి పాఠాలు చెప్పింది కుప్పం బడిలో అయ్యవార్లే గానీ, చదువుకోవడం నేర్పింది మాత్రం మా ఆయన వెంకటరమణప్ప. ఆయనకు సంతకం పెట్టడం వచ్చు, అంతే. పాప చదవగానే పుస్తకం మూయించి, "ఇప్పుడు నాకు చెప్పు తల్లీ" అనేవాడు. ఎక్కడ తడబడితే అక్కడికే మళ్ళీ పుస్తకం తెరవాలి. పొద్దుపోయేదాకా చదివితే లైటు ఆర్పేసేవాడు. పాప కుప్పం హాస్టల్లో చేరాక కూడా, సాయంత్రం వార్డెనమ్మ ఫోనిస్తే ఇక్కడ నిమ్మనపల్లెలో టమాటా బుట్టల మధ్య కూర్చుని వినేవాడు.

"రేపు అంతా మర్సిపోతానేమో తాతా, బయమేస్తాంది."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పినావే, ఇంగేం మర్సిపోతావు? బువ్వ తిని పండుకోపో."

పదో తరగతి పరీక్షలు రేపు మొదలనగా, మదనపల్లె మార్కెట్టులో బుట్టలు దించుతూ ఆయన గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"పాపకు ఎవరూ చెప్పద్దండి. చెబితే పరీక్షలన్నీ పోతాయి," అన్నాడు మా కొడుకు సుబ్రహ్మణ్యం. అందరూ సరేనన్నారు. నేనూ అన్నాను.

సాయంత్రమైతే వీడియో కాల్. మొహం కడుక్కుని కూర్చునేదాన్ని.

"తాత యాడవ్వా?"

"అలిసిపోయి పండుకోనుండాడు."

"లేపవ్వా."

"లేపితే నా మింద ఎగురుతాడే. నాకు చెప్పు."

"నీకా? నువ్వు ఊ అంటావుగానీ, సెవులు సీరియల్ కాడ ఉంటాయి!" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అది చెప్పే కరెంటూ అద్దాలూ నాకేం తెలుసు? దాని మొహమే చూస్తూ ఊ కొట్టేదాన్ని.

సాంఘికం పరీక్ష ఒక్కటి మిగిలి ఉండగా ఆయన పెద్దకర్మ దినం వచ్చింది. నా బొట్టు తుడిచారు, గాజులు తీశారు. సాయంత్రం ఫోన్ మోగగానే కోడలు విజయమ్మ స్టిక్కరు తెచ్చి నా నుదుటికి అంటించింది. "ఏడవద్దత్తా, పాప సూస్తాది," అంటూ తనే ఏడ్చింది.

పాప పాఠం చెబుతోంది. మొహం మీద పడిన వెంట్రుకలు తోసుకోబోయి చెయ్యెత్తాను. బోసి చెయ్యి. పాప మాట ఆగింది. మళ్ళీ అందుకుని, చివరిదాకా తప్పు లేకుండా చెప్పింది.

"నువ్వు బువ్వ తినవ్వా," అని పెట్టేసింది. తాత ఎక్కడని అడగలేదు.

"సూసినాదేమోనే," అన్నాను.

"సూసింటే ఏడ్సదా అత్తా?" అంది విజయమ్మ.

మరునాడు పరీక్ష కాగానే పాప కుప్పంలో బస్సెక్కింది. దారిలోనే చెబుదామని సుబ్రహ్మణ్యం పుంగనూరు బస్టాండులో కాచుకున్నాడు. నోరు తెరిచే పని లేకపోయింది. దిగుతూనే, "తాత ఎప్పుడు పోయినాడు నాయనా?" అని అడిగిందట.

పాప ఇంటికి రాగానే పట్టుకుని భోరుమన్నాను. అదే నా వీపు నిమిరింది.

"ఏడువు తల్లీ, ఇప్పుడు ఎవురూ ఏమీ అనరు," అన్నాను.

"ఇప్పుడు ఏడుపు రాదవ్వా. నిన్న వచ్చింది. పక్కన పిల్లోల్లు సదువుకుంటాంటే నోట్లో దుప్పటి కుక్కుకున్నా. మీరంతా కలిసి ఏడ్సినారు. నేను యాడ ఏడ్సాల?"



కాసేపటికి, "తాత కండువా ఒకటి ఇయ్యవ్వా," అంది.

ఆయన గుడ్డలు, చెప్పులు, మంచం, అన్నీ దినం నాడే పంచేశాం. ఇంట్లో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికాను. దాని చేతికి ఇవ్వడానికి ఒక్కటీ దొరకలేదు.